తెరేసమ్మ ఇంట్లో టీవీ మోగలేదు

వైరు కత్తిరించేటప్పటికి తెరేసమ్మ టీవీలో జపమాల సగంలో ఉంది.

నేను మెట్ల మీదే ఉన్నాను, కళ్ళారా చూశాను. కేబులు కంపెనీ మనుషులు నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కారు. కింద వాళ్ళ సూపర్‌వైజరు, అతని పక్కన ఒక కానిస్టేబులు. టీవీ వైరు కోయడానికి పోలీసు దేనికో మీరే చెప్పాలి. తెరేసమ్మ గుమ్మంలోకి వచ్చి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, జపమాల చేత్తోనే దణ్ణం పెట్టింది.

"నాయనా, ప్రార్థన అయిందాకా ఆగండయ్యా. ఇంకాసేపే."

"మామ్మా, ఇవాళ్టి నుంచి అంతా డిజిటల్. బాక్సు పెట్టించుకో, బొమ్మ అద్దంలా ఉంటుంది," అన్నాడు సూపర్‌వైజరు. స్తంభం మీదివాడికి చేత్తో సైగ చేశాడు.

లోపల ప్రార్థన తెగిపోయింది. తెర మీద చీమలు పరిగెత్తాయి, బుస్సుమని మోత.  తెరేసమ్మ అక్కడే గుమ్మంలో నిలబడి, మిగిలిన సగం తనే చదువుకుంది. జవాబు చెప్పేవాళ్ళు లేక ఆ జవాబు కూడా తనే చెప్పుకుంది.

విద్యార్థి మిత్రులారా, కార్మిక సోదరులారా, మీరు నవ్వుతారని నాకు తెలుసు. భూమి కోసం పోరాడినవాళ్ళను చూశాం, కూలి కోసం కొట్లాడినవాళ్ళను చూశాం, వీళ్ళెవరమ్మా టీవీ కోసం రోడ్డెక్కారు అంటారు. నవ్వండి. కడుపారా నవ్వాక మిగతాది చదవండి.

నా పేరు రామతులసి. పామర్రు దగ్గర మా ఊళ్ళో కోతల మిషన్లు దిగాక మా చేతులకు పని లేకుండా పోయింది. విజయవాడ వచ్చి, ఇంటిపని కార్మికుల సంఘంలో తిరుగుతూ, ఒక్కదాన్నే బతుకుతున్నాను. మా పేట ఒక కొండను పట్టుకుని వేలాడుతుంటుంది. కిందివాళ్ళ కప్పు ఎత్తున పైవాళ్ళ వాకిలి. కుళాయి మాత్రం అడుగున. ఎక్కువమంది క్రైస్తవులు, మధ్యమధ్యలో నాలాంటివాళ్ళం. మొగుడు పోయినవాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు, అసలు పెళ్ళి ఊసే ఎరగనివాళ్ళు, మా కొండ మీద ఒంటరి ఆడవాళ్ళకు కొదవ లేదు. తెల్లారుతూనే పటమట అపార్టుమెంట్లలో అంట్లు తోమడానికి దిగిపోతాం. చీకటి పడ్డాక ఎక్కుతాం. గోడకు గోడ ఆనుకునే ఉంటాం, ఒకరి మొహం ఒకరం ఆదివారం గాని చూసుకోం. ఊళ్ళో ఉన్నప్పుడు ఒంటరితనం అంటే పొలం గట్టు మీద ఉంటుందనుకునేదాన్ని. అది ఇలా ఇరుకు గోడల మధ్య కాపురం ఉంటుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

తెరేసమ్మ పటమటలో ఒకే ఇంట్లో ముసలైందాకా పని చేసింది. చేతులు వణకడం మొదలయ్యాక ఆ ఇంటివాళ్ళు ఒక చీర పెట్టి, వాడేసిన పాత టీవీ ఒకటి ఇచ్చి పంపించేశారు. మోకాళ్ళు అరిగి కొండ దిగలేదు, చర్చికి పోలేదు. చర్చే ఆమె ఇంటికి వచ్చేది. మా పేట కేబులు ఆపరేటరు జక్కయ్య ఒక చిన్న గదిలో తన సొంత ఛానెల్ నడిపేవాడు. పొద్దున్నే మా చర్చిలో జపమాల, తరవాత ఎవరింట్లో పెళ్ళి, ఎవరింట్లో చావు, రేపు నీళ్ళు వస్తాయా రావా, అన్నీ అందులోనే. తెరేసమ్మ లేవగానే టీవీ పెట్టేది. చెవి మందం కదా, కొండంతా వినపడేలా పెట్టేది. ఆమెను చూసి మిగతా ముసలివాళ్ళూ పెట్టేవాళ్ళు.

ఇక్కడే మీరు జాగ్రత్తగా వినాలి. పనికి దిగుతూ మేం ఆ చప్పుడు వినేవాళ్ళం. చప్పుడు వస్తే ఆ ఇంట్లో మనిషి లేచినట్టు. రాకపోతే ఎవరో ఒకరు తలుపు తట్టేవాళ్ళు. కొండ కొసన ఉండే పద్మావతమ్మ పిన్నిగారి టీవీ ఒక పొద్దున మోగకపోతే, ఆ కింది ఇంటి కృప తలుపు నెట్టి చూసింది. పిన్నిగారు జ్వరంతో తెలివి తప్పి ఉన్నారు. ఏసుపాదం తన ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాడు, బతికారు. ఇలా చెయ్యాలని ఎవరూ తీర్మానం చెయ్యలేదు. ఇదొక ఆచారమని కూడా మాకు తెలియదు. ఊపిరి పీలుస్తున్నామని ఎవరికి గుర్తుంటుంది?

వైరు కోశాక బాక్సులు వచ్చాయి. ఇంటికొకటి. కొన్నాళ్ళు వచ్చీ రాని బొమ్మ. మొహాలు ముక్కలు ముక్కలుగా విరిగి, మాట ఒకచోట నోరు ఒకచోట. వాన పడిందో లేదో, కొండ మొత్తానికి "నో సిగ్నల్". జక్కయ్య ఛానెల్ ఎక్కడా లేదు. అది కంపెనీవాళ్ళ లెక్కలో ఛానెలే కాదట. జక్కయ్య గదికి వాళ్ళు తాళం వేసుకుపోయారు. "నా చేతిలో ఏముంది తల్లీ, ఇప్పుడన్నీ పటమట కంట్రోల్ రూము నుంచే," అని చేతులు దులుపుకున్నాడతను. నిన్నటిదాకా చిన్న యజమాని, ఇవాళ పెద్ద యజమాని గుమ్మం ముందు చెప్పులు విడిచే మనిషి అయ్యాడు.

ఏసుపాదానికి నోరు పెద్దది. కుళాయి దగ్గర అందరం వింటుండగా కంపెనీకి ఫోను చేశాడు. తెలుగుకి ఒకటి నొక్కమంది. నొక్కాడు. ఫిర్యాదుకి మూడు నొక్కమంది. నొక్కాడు. మీ కాల్ మాకెంతో ముఖ్యం అంది.

"ముఖ్యమైతే మాట్లాడవేంటే తల్లీ!" అని అరిచాడు.

చాలాసేపటికి నిజం మనిషి గొంతు పలికింది. చిన్నపిల్ల గొంతు.

"మా కొండ మొత్తానికి రావట్లేదండీ. వీధి వీధంతా ఆగిపోయింది," అన్నాడు ఏసుపాదం.

"సారీ సర్, వీధికి కంప్లయింటు తీసుకునే ఆప్షన్ లేదండీ. మీ ఒక్కరి కస్టమర్ ఐడీ చెప్పండి."

చెప్పాడు. సాయంత్రానికి మెసేజి వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. టీవీ మాత్రం నల్లగా అలాగే ఉంది. మేం నవ్వుకున్నాం. స్టెల్లా అయితే తన బాక్సు మీద ఉల్లిపాయలు పెట్టుకుంది, ఇన్నాళ్ళకు దేనికో ఒకదానికి పనికొచ్చిందని. ఒకళ్ళ తరవాత ఒకళ్ళం ఫోన్లు చేశాం, అలిసిపోయి మానేశాం. పొద్దున్నే కొండ దిగుతుంటే చప్పుడు లేదు. మొదట్లో చెవులకు వింతగా ఉండేది. తరవాత అలవాటైంది.

ఆ అలవాటే తెరేసమ్మను తినేసింది.

మా పేటలో బిందెలకు వరస ఉంటుంది. ముందురోజు సాయంత్రమే కుళాయి దగ్గర బిందె పెట్టేసి పోతాం. తెరేసమ్మ ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందెను కృప తెచ్చి వరసలో పెట్టేది, నిండాక ఎవరో ఒకరు పైకి చేర్చేవాళ్ళు. తెరేసమ్మ దాన్ని ఖాళీ చేసి గుమ్మం బయట బోర్లించేది. ఒక రోజు సాయంత్రం కృప పనినుంచి వచ్చేసరికి గుమ్మం ముందు బిందె పొద్దున నింపి పెట్టినట్టే నిండుగా ఉంది. అందులో వేపాకు తేలుతోంది.

కృప కేక నాకు కింది వరసలోకి వినపడింది. నేను పరిగెత్తి వెళ్ళేసరికి తెరేసమ్మ నేల మీద ఉంది. తుంటి విరిగింది. పెదాలు ఎండి అట్టకట్టాయి. మనిషి టీవీ బల్ల పక్కనే పడిపోయింది. బాక్సు మీద ఎర్రలైటు వెలుగుతూ ఉంది.

ప్రభుత్వాసుపత్రిలో మంచం దొరకలేదు, వరండాలో పడుకోబెట్టాం. ఒక పూట తెలివిగానే ఉంది. నేనూ కృపా పక్కన కూచున్నాం.

"నేలకు చెవి ఆనించి పడున్నా గదా, మీ చెప్పుల చప్పుడు విన్నానమ్మా," అంది తెరేసమ్మ. "అందరివీ తెలిశాయి. ఏసుపాదం ఈడ్చుకుంటా పోతాడు గదా. స్టెల్లావి టపటపలాడతాయి. కృపవి నా గుమ్మం దగ్గర కాసేపు ఆగినాయి కూడా."

కృప మొహం పక్కకి తిప్పుకుంది.

"పిలిచాను. నా గొంతు నాకే వినపళ్ళా. అందరూ దిగిపోయారు. తరవాత కొండ మీద నేనొక్కదాన్నే అనిపించింది. అంత ఒంటరిగా నా బతుకులో ఎప్పుడూ లేను తల్లీ, ఆఖరికి మా ఆయన పోయిన రోజు కూడా."

మర్నాడు పోయింది. పాతిపెట్టి వచ్చాక చర్చి వాకిట్లోనే కూచున్నాం. మీటింగని ఎవరూ పిలవలేదు, ఇళ్ళకు పోబుద్ధి కాలేదు, అంతే. ముందు ఏడుపు అయింది, తరవాత తగువు మొదలైంది.

"పక్క గోడ నీదే గదే కృపా," అంది స్టెల్లా. "నీకు తెలియాలి గదా."

"ఆగింది కూడాను, గుమ్మం దగ్గర," అన్నారెవరో.

కృప లేచి నిలబడింది. మనిషి సన్నగా ఉంటుంది, మాట తక్కువ. మొగుడు వదిలేసిపోయిన దగ్గర్నుంచి తలెత్తి నలుగురిలో మాట్లాడగా నేను వినలేదు.

"అవును, ఆగాను. చెవి పెట్టి విన్నాను. చప్పుడు లేదు. బాక్సు పన్జెయ్యట్లేదులే అనుకుని పోయాను. ఒక ఇంట్లో మోగకపోతే తలుపు తట్టడం నాకు తెలుసక్కా. అన్ని ఇళ్ళలోనూ మోగకపోతే ఏ తలుపు తట్టను? చెప్పు."

స్టెల్లా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. 

ఏసుపాదం గొంతు సవరించుకున్నాడు. "నేనొక మాటంటాను, కోప్పడమాకండి. టీవీలు రాకముందు మనుషులు బతకలేదా? మన నోళ్ళేమైనాయి? దీనికి కంపెనీని అంటే జనం నవ్వుతారు."

"అన్నయ్యా, నువ్వన్నదీ నిజమే," అంది కృప. "రేపట్నుంచి నోళ్ళే వాడదాం. కుళాయి దగ్గర నువ్వు మొదలుపెట్టు. పై ఇంటిని పిలువు. వాళ్ళు వాళ్ళ పై ఇంటిని పిలుస్తారు. పలక్కపోతే కదిలేది లేదు. కానీ మనకున్నది కోసేసినవాడిని వదిలేద్దామా? వైరు కోసేటప్పుడు ఆ వైరు మీద ఏం నడుస్తందని ఒక్కడన్నా అడిగాడా?"

నేను సంఘంలో ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. ఇంత సూటి ప్రశ్న వినలేదు. అక్కడికక్కడే నిర్ణయమైంది. కొండకు సరైన లైను వెయ్యాలి, మా ఛానెల్ మాకు తిరిగి ఇవ్వాలి. అంతదాకా ఎవరం బిల్లు కట్టం. అందరం కలిసి పోయి అడుగుదాం.

మర్నాటి పొద్దున ఏసుపాదం కుళాయి దగ్గర నిలబడి, "స్టెల్లా, లేచావా?" అన్నాడు. సిగ్గుపడి సన్నగా అన్నాడు. స్టెల్లా "లేచానులే," అని నన్ను పిలిచింది. నేను కృపను పిలిచాను. కృప పద్మావతమ్మ పిన్నిగారిని పిలిచింది. పిన్నిగారు కంకిపాడు వైపు ఒకప్పుడు ఆసామి ఇంటి కోడలు. మా కొండకు ఎలా వచ్చి పడ్డారో మేం అడగం, ఆవిడ చెప్పరు. మా ఇళ్ళలో మంచినీళ్ళు కూడా ముట్టరు. అయినా కృప పిలుపుకు మాత్రం, "లేచానమ్మా," అని పలికేవారు. ఇన్నేళ్ళలో పొద్దున్నే నా పేరు పెట్టి ఒక మనిషి నన్ను పిలవడం అదే మొదలు. ఇంట్లోకి వెళ్ళి కాసేపు కళ్ళు తుడుచుకున్నాను, ఎందుకు దాచాలి?

పటమటలో కంపెనీ ఆఫీసు అద్దాల మేడ. గోడ నిండా టీవీలు, అన్నింట్లోనూ ఒకే బొమ్మ, ఒకే పాట. యజమాని బసవపున్నయ్య గారు. వాళ్ళ నాన్న ఒకప్పుడు ఎర్రజెండా మోసి, ఎంతో ఆశతో కొడుక్కి తమ పార్టీ నాయకుడి పేరు పెట్టుకున్నాడట. పేరు మిగిలింది. ఆయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, మర్యాదకు లోటు చెయ్యలేదు.

"ఆవిడ పోయినందుకు నాకూ బాధగానే ఉందమ్మా. కానీ చావుకీ కేబులుకీ సంబంధమేంటండీ? మీకు సమస్యలుంటే ఒక్కొక్కరుగా రండి. ఐడీ చెప్పండి, చూస్తాం. సంఘాలతో నేను మాట్లాడను. కస్టమర్‌తో మాట్లాడతాను."

"ఒక్కొక్కళ్ళుగా మిగిలిపోబట్టే ఆవిడ చచ్చిపోయిందండీ," అన్నాను. "మళ్ళీ ఒక్కొక్కళ్ళుగా రమ్మంటారా?"

ఆయన గుమాస్తా వైపు చూశాడు. ఆ చూపుకు అర్థం మాకు తెలుసు. గుమాస్తా ఫోను తీశాడు.

కృప సంచిలోంచి తెరేసమ్మ బాక్సు తీసి అద్దం కౌంటరు మీద పెట్టింది. దాని మీద స్టెల్లా తనది పెట్టింది, ఉల్లిపొర ఇంకా అంటుకునే ఉంది. ఏసుపాదం పెట్టాడు. నేను పెట్టాను. ఒకరి తరవాత ఒకరు కొండంతా తెచ్చి పెట్టారు. అద్దం పెట్‌మని చిట్లింది. ఎవరి బాక్సుకు చిట్లిందో దేవుడికి కూడా తెలియదు.

నేను నినాదం ఎత్తబోయాను. పిడికిలి లేచింది, నోరు తెరిచాను. కృప నా చెయ్యి పట్టుకుంది.

"వద్దక్కా. ఆ టీవీలు కట్టేయండి. మనకు ఇచ్చిందేంటో వాళ్ళనీ విననీ."

ఏసుపాదం పోయి స్విచ్చి తీశాడు. గోడంతా నల్లబడింది. మేం నేల మీద కూచున్నాం, ఎవరమూ మాట్లాడలేదు. చప్పుడు లేకుండా అంతమంది కూచుంటే ఎలా ఉంటుందో మీరెప్పుడైనా చూశారా? కౌంటరు వెనక అమ్మాయిలు పని ఆపేశారు. ఒకమ్మాయి, బహుశా ఫోనులో వీధికి ఆప్షన్ లేదన్న పిల్లేనేమో, తల వంచుకుని ఏడ్చింది. ఆ పిల్లను నేను ఏమనను? ఆమె కూడా ఎక్కడో ఒక గదిలో ఒక్కతే ఉంటూ ఉంటుంది.

పోలీసులు వచ్చారు.

"అద్దం పగలగొట్టిందెవరు?"

అందరం ఒకేసారి లేవబోయాం. కృప మాకంటే ముందే లేచింది.

"నేనండీ."

మేం ఎంత చెప్పినా పోలీసులు వినలేదు. వాళ్ళకు ఒక్కళ్ళే కావాలి, ఒక్కళ్ళు దొరికారు. ఒక లేడీ కానిస్టేబులు కృప రెక్క పట్టుకుని జీపెక్కించింది. మమ్మల్ని బయటికి నెట్టారు. రేపు మళ్ళీ కనపడితే అందరి మీదా కేసు అన్నాడు ఎస్సై.

ఆ సాయంత్రం కొండ మీద ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పని ఇళ్ళ మేడమ్‌లు. కేసుల్లో ఉన్నవాళ్ళు మాకొద్దు, రేపు రాకపోతే ఇంకెవర్నన్నా పెట్టుకుంటాం. ఆ రాత్రి పెట్టుకున్న మీటింగు చల్లబడిపోయింది. సంఘం ప్లీడరు చూసుకుంటాడులే, మనం పనికి పోదాం అన్నారు. నేను వాదించాను, ఓడిపోయాను. వాళ్ళని తప్పు పట్టను, ఆకలికి తీర్మానాలు అర్థం కావు. ఇంటికి వచ్చి తలుపేసుకున్నాను. పైన కృప ఇంట్లో దీపం లేదు. తెరేసమ్మ ఇంట్లో ముందే లేదు.

తెల్లారింది. చేతుల్లో టిఫిను డబ్బాలతో అందరూ దిగడానికి సిద్ధంగా ఉన్నారు. అలవాటు కొద్దీ ఏసుపాదం పిలిచాడు. స్టెల్లా పలికింది, నన్ను పిలిచింది. నేను పలికాను. పై ఇంటి వైపు తిరిగి, "కృపా, లేచావా?" అనేశాను. నోరు దానంతటదే అంది.

జవాబు లేదు.

మెట్ల మీద కదులుతున్న చెప్పులన్నీ ఆగిపోయాయి. పలక్కపోతే కదిలేది లేదని చర్చి వాకిట్లో అనుకున్న మాట అందరికీ గుర్తొచ్చింది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

అప్పుడు కొండ కొస నుంచి పద్మావతమ్మ పిన్నిగారి గొంతు వినపడింది. రాత్రి మీటింగుకు ఆవిడ రాలేదు. ఆవిడకు చెప్పాలని మాకెవరికీ తోచలేదు.

"ఏమే కృపా! ఇవాళ నన్ను పిలవలేదేం?"

"కృప లేదు పిన్నిగారూ," అన్నాను. "స్టేషన్లో పెట్టారు."

పిన్నిగారు పైనుంచి తొంగి చూశారు.

"మరి మీరంతా డబ్బాలు పట్టుకుని ఎక్కడికి పోతున్నారు?"

 పిన్నిగారు బయటికొచ్చి తలుపు గడియ వేసిన చప్పుడైంది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆవిడ కొండ దిగింది లేదు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్నారు. స్టెల్లా డబ్బా కింద పెట్టి ఎదురు వెళ్ళింది. మా ఇళ్ళలో నీళ్ళు ముట్టని ఆ మనిషి స్టెల్లా భుజం మీద చెయ్యి వేసి, బరువంతా మోపి దిగింది. ఆవిడ వెనక మేమంతా నడిచాం. కుళాయి దగ్గర పటమట ఆటోలు ఎక్కే మలుపులో ఎవరూ ఆగలేదు.

స్టేషను గేటు దగ్గర సెంట్రీ అడ్డం నిలబడ్డాడు. "ఎవరు మీరంతా? ఒక్కళ్ళు లోపలికి రండి, ఒక్కళ్ళే."

ఎవరం పోలేదు. గోడ పక్కన బారుగా నిలబడ్డాం. ఏసుపాదం గొంతు సవరించుకున్నాడు. కుళాయి దగ్గర సిగ్గుపడ్డ మనిషి, ఈసారి రోడ్డు మీది బళ్ళు ఆగేలా అరిచాడు.

"కృపా! లేచావా?"

స్టెల్లా అంది. నేను అన్నాను. కొండంతా అంది. సెంట్రీ లాఠీ ఎత్తి, ఇంత చిన్న మాటకు ఏ సెక్షన్ పెట్టాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.

లోపలి నుంచి బొంగురుపోయిన గొంతు వచ్చింది.

"లేచానక్కా! పద్మావతమ్మ పిన్నిగారిని పిలిచారా?"

పిన్నిగారు ఆయాసంతో రొప్పుతూ గేటు ఊచలు పట్టుకున్నారు.

"ఇక్కడే ఉన్నానే," అన్నారు. "నువ్వొచ్చేదాకా ఇక్కడే ఉంటాం."

అని ఆవిడ స్టేషను మెట్టు మీద కూచున్నారు. ఆవిడ పక్కన మేమూ కూచున్నాం.